ఒక రోగి, అనేక వ్యాధులు: ఇంటి చేరువలో సమగ్ర సంరక్షణ

నగరంలోని ఒక ప్రభుత్వ చికిత్సాలయంలో అనువాద సహాయానికి కూర్చున్న ఒక ఉదయం జరిగిన సంగతితో ఈ పాఠాన్ని మొదలుపెడతాను. శ్రీకాకుళం జిల్లా నుండి కుమారుని వద్దకు వచ్చి స్థిరపడిన ఒక పెద్దామె వరుసలో తన వంతు రాగానే నర్సు ముందు కూర్చున్నది. కుమారుడు తాపీ మేస్త్రీ; పని మానుకొని రాలేడు కనుక పదేళ్ల మనుమడు తోడు వచ్చినాడు. నర్సు ఆదరంగానే "ఏను తొందరె అజ్జి?" అని అడిగింది. పెద్దామె చిరునవ్వుతో "తొందరేటీ లేదమ్మా, నిదానంగానే సూడండి" అని బదులిచ్చింది.

కన్నడంలో "తొందరె" అంటే బాధ, ఇబ్బంది. తెలుగులో "తొందర" అంటే త్వరపాటు. ఈ నగరంలో "లేదు" అనే తెలుగు మాట అర్థం కానివారు తక్కువ. ఆ నర్సుకూ అర్థమైంది. బాధ ఏదీ లేదని ఆమె చీటీలో వ్రాసుకున్నది. పెద్దామె చేతిసంచిలో మాత్రం మూడు చోట్ల వ్రాసి ఇచ్చిన చీటీలు, పదకొండు రకాల మాత్రలు ఉన్నాయి. వాటిని బల్లమీద పరచి చూసినప్పుడు, ఒకే షుగర్ మందు రెండు వేర్వేరు కంపెనీ పేర్లతో ఉన్నట్లు తేలింది. ఆమె రెండూ వేసుకుంటున్నది.

ఈమె కథలో నిర్లక్ష్యం ఎవరిదని వెదికితే దొరకదు. వైద్యులు వ్రాసినారు, కుమారుడు కొన్నాడు, ఆమె తప్పకుండా వేసుకున్నది. లేనిదల్లా ఒక్కటే: అన్నింటినీ కలిపి చూసే కన్ను. ఆ కన్ను ఎక్కడ ఉండాలి, దానిని మన ఇంటి చేరువలో ఎలా ఏర్పరచుకోవాలి అన్నదే ఈ పాఠం.

సంక్లిష్ట దీర్ఘవ్యాధి అనగా ఏమి?

జ్వరం, విరేచనాలు వంటివి వస్తాయి, తగ్గిపోతాయి. మధుమేహం, అధిక రక్తపోటు, ఉబ్బసం, గుండె బలహీనత, మూత్రపిండాల వ్యాధి వంటివి ఏళ్ల తరబడి మనిషితోనే ఉంటాయి. వీటిని దీర్ఘవ్యాధులు అంటాము. ఒకే మనిషికి ఇటువంటివి రెండో మూడో కలిసి వచ్చి, వాటికి మానసిక క్రుంగుబాటో, చూపు తగ్గడమో, నడవలేకపోవడమో, ఇంట్లో తోడు లేకపోవడమో జతకూడినప్పుడు ఆ స్థితి సంక్లిష్టమవుతుంది. అక్కడ ఒక వ్యాధికి మందు ఇంకొక వ్యాధికి శత్రువు కావచ్చు.

కొన్ని ఉదాహరణలు చూద్దాం.

మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు రక్తపోటును పెంచగలవు. ఒంట్లో ఉప్పును, నీటిని నిలవజేసి బలహీనమైన గుండెకు భారం కలిగిస్తాయి. అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలను మరింత దెబ్బతీస్తాయి.

మూత్రపిండాలు క్షీణించినకొద్దీ ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు శరీరంలో ఎక్కువసేపు నిలిచి ఉంటాయి. అప్పుడు పాత మోతాదుకే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇంట్లోవారు "షుగర్ దిగింది, నయమవుతోంది" అని సంతోషిస్తారు. నిజానికి అది మూత్రపిండాలు ఇస్తున్న హెచ్చరిక కావచ్చు.

మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. క్షయకు వాడే రిఫాంపిసిన్ అనే మందు కొన్ని షుగర్ మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. అందువలన క్షయ చికిత్స మొదలుపెట్టిన వైద్యునికి షుగర్ మందుల సంగతి, షుగర్ చూసే వైద్యునికి క్షయ మందుల సంగతి తెలియాలి. ఉబ్బసానికో కీళ్లనొప్పులకో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు కూడా చక్కెరను పెంచుతాయి.

ఆహారంలోనూ ఇదే చిక్కు. రక్తపోటు ఉన్నవారు ఆవకాయ, అప్పడాలు తగ్గించాలని మనకు తెలుసు. సోడియం తక్కువగా ఉండే ఉప్పు అని అమ్మేది వాడితే మేలని కొందరు సలహా ఇస్తారు. దానిలో సోడియం స్థానంలో పొటాషియం కలుపుతారు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి పొటాషియం పెరగడం గుండెకే ముప్పు.

విడివిడిగా చూస్తే ప్రతి సలహా సరియైనదే. ఒకే శరీరంలో కలిసినప్పుడే అవి ఒకదానితో ఒకటి తగవులాడతాయి.

కాడుగొండనహళ్ళి చెప్పిన సంగతి

ఈ విషయంలో మన నగరానికి స్వానుభవమే ఉన్నది. ఉత్తర బెంగళూరులోని కాడుగొండనహళ్ళిలో, అనగా వాడుకలో కె.జి. హళ్ళిలో, బెంగళూరు ప్రజారోగ్య సంస్థ 2009లో పని ప్రారంభించింది. అక్కడి 9,299 కుటుంబాలను, 44,500కు పైగా జనాన్ని ఇంటింటికీ వెళ్లి పలకరించి లెక్క తీసింది. వయోజనులలో 13.8 శాతం మంది తమకు ఏదో ఒక దీర్ఘవ్యాధి ఉన్నదని చెప్పినారు. ఎక్కువగా కనిపించినవి అధిక రక్తపోటు, మధుమేహం. షుగర్, బి.పి. కలవారి జబ్బులన్న పాత నమ్మకం ఆ ఇరుకు వీధులలో నిలువలేదు.

మరింత ఆలోచింపజేసేది ఖర్చు. దీర్ఘవ్యాధిగ్రస్తులున్న కుటుంబాలలో 69.6 శాతం బయటి రోగి చికిత్సకు చేతి డబ్బు పెట్టినవి. 16 శాతం కుటుంబాలు తమ ఆదాయంలో పదోవంతుకు మించి దానికే ఖర్చు చేసినవి. ఆసుపత్రిలో చేరి పెట్టిన ఖర్చు కాదు ఇది. నెలనెలా మాత్రలకు, పరీక్షలకు, వైద్యుని రుసుముకు పెట్టినది. అందులో పెద్ద భాగం మందులదే. పెద్ద ఆపరేషను ఒక్క దెబ్బతో ఇంటిని అప్పులపాలు చేస్తుందని అందరికీ తెలుసు. చిన్న మాత్ర నెలనెలా అదే పని నిశ్శబ్దంగా చేస్తుందని కె.జి. హళ్ళి చూపింది.

ఆ వాడలో వైద్యానికి కరువు లేదు. ప్రైవేటు క్లినిక్కులు ఉన్నాయి, ప్రభుత్వ కేంద్రాలూ ఉన్నాయి. కాని రోగి ఒక చోటి నుండి ఇంకొక చోటికి పోయినప్పుడు అతని చరిత్ర అతని వెంట పోలేదు. రికార్డు లేదు, వైద్యునితో మాట్లాడే తీరిక లేదు, వేళలు కూలిపనివారికి కుదరవు. అందుకే ఆ సంస్థ స్థానిక స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య సహాయకులుగా ఇళ్లకు పంపింది. ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే ప్రయత్నం చేసింది. వైద్యులు ఎందరున్నా వారి మధ్య దారం లేకపోతే పూలు దండ కావు.

సమగ్ర సంరక్షణ: నాలుగు ముడులు

కన్నడంలో "ఆరైకె" అనే మంచి మాట ఉన్నది. సంరక్షణ, ఆలనాపాలనా అని దాని అర్థం. మన పాత తెలుగులోని "ఆరయు" దానికి తోబుట్టువే. ఆరయు అంటే చూచు, విచారించు, కనిపెట్టి ఉండు. చికిత్స వ్యాధికి చేసేది. ఆరైకె మనిషికి చేసేది. సమగ్ర సంరక్షణ ఈ రెండవ దానిని వ్యవస్థగా మార్చడమే. దానికి నాలుగు ముడులు ఉండాలి.

మొదటిది, రోగి మొత్తాన్ని ఎరిగిన ఒక వైద్యుడు లేక ఒక క్లినిక్. నిపుణులు ఎందరైనా ఉండవచ్చు; కాని అందరి సలహాలూ వచ్చి చేరే చోటు ఒకటే కావాలి.

రెండవది, చోటు మారినా వెంట వచ్చే వ్రాతపూర్వక చరిత్ర.

మూడవది, రోగి రాలేనప్పుడు ఇంటికి వెళ్లే మనిషి: నర్సు, ఆశా కార్యకర్త, శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు.

నాలుగవది, రోగిని చూసుకునే ఇంటివారికి ఆసరా.

ఈ నాలుగూ కలిసినచోట ఏమి జరుగుతుందో కేరళ చూపింది. 1993లో కోళికోడులో నొప్పి నివారణ, ఉపశమన సంరక్షణ సంఘం ఏర్పడింది. తరువాత మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగువారే సంఘాలుగా ఏర్పడి, మంచం పట్టినవారి ఇళ్లకు నర్సులతో కలిసి వెళ్లసాగినారు. 2008లో ఆ రాష్ట్రం ఉపశమన సంరక్షణకు ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది. నర్సు పుండు కడిగితే, పొరుగువారు బియ్యం తెచ్చి ఇచ్చినారు, పిల్లల చదువు సంగతి విచారించినారు. తెలంగాణలో ఇళ్లకు వెళ్లి ఉపశమన సేవ అందించే బృందాల వాహనాలకు "ఆలన" అని పేరు పెట్టడం కూడా ఈ భావాన్నే తెలుపుతుంది.

మన నగరంలో కూడా ఈ సంప్రదాయం ఉన్నది. 1994లో ఏర్పడిన బెంగళూరు హాస్పిస్ ట్రస్టు, ముదిరిన కేన్సరు రోగుల ఇళ్లకు వెళ్లి సేవ చేయడంతో మొదలై, 1999లో మారతహళ్ళి సమీపాన "కరుణాశ్రయ" అనే ఆశ్రమాన్ని తెరిచింది. అక్కడ రోగుల వద్ద రుసుము తీసుకోరు.

బెంగళూరులో ఏ మెట్టు ఎక్కడ?

మొదటి మెట్టు మీ వార్డులోని నమ్మ క్లినిక్ లేదా పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. నమ్మ క్లినిక్కులు కర్ణాటకలో 2022 డిసెంబరులో మొదలైనవి. వైద్యుడు, నర్సు, ప్రయోగశాల సిబ్బంది ఉంటారు, షుగర్, బి.పి. పరీక్షలు, మందులు ఉచితం. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు 2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కింద సుమారు 50,000 జనాభాకు ఒకటి చొప్పున ఉండాలని నిర్ణయించినవి. ఆశా కార్యకర్తలు ఈ కేంద్రాలతో కలిసి పనిచేస్తారు. మీ వీధి ఆశా కార్యకర్త ఎవరో కేంద్రంలో అడిగి తెలుసుకొని, మంచం దిగలేని పెద్దలు ఇంట్లో ఉంటే ఆ సంగతి ఆమెకు చెప్పండి.

ఇంటివద్దకే పరీక్షలు, మందులు తీసుకువెళ్లే ఉద్దేశంతో రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో కోలారు జిల్లాలో "గృహ ఆరోగ్య" పథకాన్ని ప్రారంభించింది. మీ ప్రాంతంలో అది ఎలా అమలవుతున్నదో కూడా అదే కేంద్రంలో విచారించవచ్చు.

పై మెట్లు: విక్టోరియా, బౌరింగ్, కె.సి. జనరల్ వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు. గుండెకు జయదేవ, కేన్సరుకు కిద్వాయి, మనస్సుకు, నాడులకు నిమ్హాన్స్, మూత్రపిండాలకు విక్టోరియా ఆవరణలోని నెఫ్రో యూరాలజీ సంస్థ. పై మెట్టుకు వెళ్లినవారు అక్కడ వ్రాసిన చీటీతో మళ్లీ మొదటి మెట్టుకు రావాలి. చాలామంది ఈ చివరి పని చేయరు. దారం తెగేది అక్కడే.

ఒక మాట బీమా గురించి. ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు లభించే సహాయం ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన చికిత్సకు. సొంత రాష్ట్రంలో పొందిన ఆ కార్డు, ఇతర రాష్ట్రాలలో ఆ పథకంలో చేరిన ఆసుపత్రులలో కూడా చెల్లుతుంది. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఈ సౌకర్యం వర్తిస్తుంది. కాని నెలనెలా మింగే మాత్రలకు ఈ కార్డు అక్కరకు రాదు. ఆ భారం తగ్గే దారులు రెండు: ప్రభుత్వ కేంద్రంలో ఉచిత మందులు, జన ఔషధి దుకాణాలలో చవక మందులు. కార్డు ఉన్నదన్న ధైర్యంతో మొదటి మెట్టును విడువరాదు.

కుటుంబం చేయవలసిన ఐదు పనులు

1. ఒకే పట్టిక వ్రాయండి. రోగి పేరు, వయస్సు, ఉన్న వ్యాధులు, పడని మందులు, ప్రస్తుతం వాడే ప్రతి మందు అసలు పేరు, మోతాదు, వేళ, వ్రాసిన వైద్యుడు. కంపెనీ పేరు కింద చిన్న అక్షరాలలో ఉండేదే మందు అసలు పేరు. ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపండి. నొప్పి మాత్రలు, నాటుమందులు, పొడులు కూడా పట్టికలో ఉండాలి. సిగ్గుపడి దాచినదే ఎక్కువ హాని చేస్తుంది.

2. ఒక కేంద్రాన్ని ఎంచుకొని అక్కడికే వెళ్లండి. ఏ నిపుణుని వద్దకు పోయినా అతని చీటీని అక్కడ చూపండి.

3. మందుల సంచిని మూడు నెలలకొకసారి యథాతథంగా తీసుకుపోయి వైద్యుని బల్లమీద పరచండి. మీ అంతట మీరు ఏ మందూ మానవద్దు, ఏదీ కలపవద్దు. మూత్రపిండాల పనితీరు చూసే రక్త, మూత్ర పరీక్షలు ఎప్పుడు చేయించాలో షుగర్, బి.పి. ఉన్నవారు తప్పక అడగాలి.

4. ఊరికి వెళ్లే ముందు లెక్క చూసుకోండి. సంక్రాంతికి పది రోజులని వెళ్లి నెల ఉండిపోవడం మనకు అలవాటు. పట్టిక నకలు, సరిపడా మాత్రలు వెంట ఉండాలి. అక్కడి వైద్యుడు మందు మార్చితే, తిరిగి వచ్చిన వారంలోనే ఇక్కడి కేంద్రంలో తెలపాలి.

5. ఆగకూడని వేళను గుర్తించండి. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి కాలు పట్టుతప్పడం, స్పృహ తప్పడం కనిపిస్తే 108కి ఫోను చేయాలి. షుగర్ రోగికి చెమటలు పట్టి వణుకు వస్తే, స్పృహలో ఉన్నంతవరకు ముందు చక్కెర నీళ్లు ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట ఏదీ పోయరాదు.

క్లినిక్కులో పనికివచ్చే కన్నడ మాటలు

చిన్నపిల్లలను దుబాసీలుగా తీసుకుపోవడం మంచిది కాదు. పదేళ్ల బాలుడు నానమ్మ మూత్రపు బాధ గురించి అడగలేడు, ఆమె చెప్పుకోలేదు. పెద్దవారే ఈ నాలుగు వాక్యాలు నేర్చుకుంటే మేలు.

"నన్న ఎల్లా మాత్రెగళన్నూ ఒమ్మె నోడి": నా మాత్రలన్నీ ఒకసారి చూడండి.

"ననగె మూత్రపిండద తొందరె ఇదె. ఈ మాత్రె తెగెదుకొళ్ళబహుదా?": నాకు మూత్రపిండాల బాధ ఉన్నది. ఈ మాత్ర వేసుకోవచ్చునా?

"ఊటక్కె ముంచెయా, ఊటద నంతరవా?": భోజనానికి ముందా, తరువాతా?

"హళెయ మాత్రె నిల్లిసబేకా, ముందువరిసబేకా?": పాత మాత్ర ఆపాలా, కొనసాగించాలా?

"ముందిన వార బన్ని" అని వారు చెబితే ఒక క్షణం ఆగండి. తెలుగులో ముందటి వారం అంటే గడిచిన వారం. కన్నడంలో "ముందిన వార" అంటే రాబోయే వారం. తేదీని వ్రాసి ఇమ్మని అడగడమే క్షేమం.

చూసుకునేవారిని ఎవరు చూసుకుంటారు?

మన ఇళ్లలో రోగి సేవ ప్రాయికంగా కోడలిదో కూతురిదో. ఊరిలో అయితే వదిన ఒక పూట, పిన్ని ఒక పూట కూర్చునేవారు. ఇక్కడ రెండు గదుల ఇంట్లో ఆ బరువంతా ఒక్కరిదే. రాత్రి నిద్ర లేక, పనికి పోలేక, ఎవరితోనూ చెప్పుకోలేక ఆమె కూడా మెల్లగా రోగి అవుతుంది. వారానికి రెండు గంటలు ఎవరైనా వచ్చి కూర్చుంటే ఆమెకు అది మందుతో సమానం. వీధిలోని తెలుగు సంఘాలు, భజన బృందాలు, అపార్టుమెంటు సంఘాలు వంతులు వేసుకొని చేయగల పని ఇది. దీనికి డబ్బు అక్కరలేదు. పొరుగున కన్నడమో తమిళమో మాట్లాడే ఇల్లు ఉంటే వారిని కూడా పిలవండి. మంచం పక్కన కూర్చోవడానికి భాష పెద్ద అడ్డు కాదు.

మనసు క్రుంగినవారు, రోగులైనా సేవ చేసేవారైనా, 14416 సంఖ్యకు ఫోను చేసి టెలి మానస్ సలహాదారులతో తెలుగులో మాట్లాడవచ్చు. 2022లో మొదలైన ఈ సేవ ఉచితం. తోడులేని వృద్ధుల ఇబ్బందులకు 14567 అనే జాతీయ సహాయవాణి ఉన్నది.

ముగింపు

మొదట చెప్పిన పెద్దామె సంచిని ఆ ఉదయం వైద్యుడు ఓపికగా చూసినాడు. రెండుసార్లు పడుతున్న మందును ఒకటి చేసి, నొప్పి మాత్రలు ఆపించి, మూత్రపిండాల పరీక్షకు వ్రాసినాడు. నర్సు అన్నింటినీ ఒక కాగితం మీదికి ఎక్కించింది. నేను దాని కింద తెలుగులో వ్రాసి ఇచ్చినాను. ఆ ఒక్క కాగితంతో ఆమె వ్యాధులు పోలేదు, పోవు కూడా. కాని మరుసటి నెల ఆమె వచ్చినప్పుడు ఆ కాగితాన్ని మడతలు పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది. నర్సు అదే ప్రశ్న వేసింది. ఈసారి ఆమె కాగితం చూపి, తనకున్న బాధలు ఒక్కొక్కటిగా చెప్పింది.

ఆలోచించి చూడవలసిన ప్రశ్నలు

1. మీ ఇంట్లో దీర్ఘవ్యాధి ఉన్నవారు వాడే మందులన్నీ ఏ ఒక్క వైద్యుడైనా ఒకేసారి చూసినాడా? చూసి ఎన్నాళ్లయింది?

2. మీ వార్డులోని నమ్మ క్లినిక్ లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎక్కడ? మీ వీధి ఆశా కార్యకర్త ఎవరు?

3. మీ వీధిలో మంచం పట్టిన రోగిని ఒంటరిగా చూసుకుంటున్నవారు ఎవరైనా ఉన్నారా? వారానికి రెండు గంటలు వారికి ఎవరు ఇవ్వగలరు?